క్లచ్ ప్లేట్లలో చూసిన కొండలు

మా మేస్త్రీ పోయారన్న కబురు నాకు ఆయన ఫోన్ నుంచే వచ్చింది. సోమవారం పొద్దున్న ఆరు దాటింది. తెర మీద ఆయన పేరు చూసి, "ఏంటి బాబాయ్, అప్పుడే తయారయ్యావా? వస్తున్నాలే, కంగారు పెట్టకు" అన్నాను. అవతల పిన్ని. "ఒరే, మీ బాబాయ్ చెప్పులేసుకుంటానని గుమ్మంలో కూర్చున్నాడురా. పిలిస్తే పలకట్లేదు" అంది. నేను వెళ్లేసరికి ఒక చెప్పు కాలికి ఉంది, రెండోది చేతిలో ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కర్లేని పని అని వీధిలో అందరికీ తెలుసు. అయినా తీసుకెళ్లాం.

సోమవారం ఆయనకి డయాలసిస్ రోజు. సోమ, బుధ, శుక్రవారాలు మిషను మీద పడుకుంటే తప్ప ఒంట్లో చేరిన నీరు బయటికి పోదు. శని ఆదివారాలు మధ్యలో ఎడం. ఆ ఎడం దాటడమే కష్టమని టెక్నీషియన్ మొదట్లోనే చెప్పాడు. రెండున్నరేళ్లపాటు ప్రతి వారం దాటుకుంటూ వచ్చారు. ఈసారి గుమ్మం దాకానే రాగలిగారు.

ఇంతకుముందు నేను రాసినవన్నీ కరపత్రాలు. 'ఖండించండి' అనో 'కదలిరండి' అనో మొదలయ్యేవి. పోయిన మనిషి గురించి ఎలా రాయాలో నాకు తెలీదు. ఎవర్నీ తిట్టకుండా నాలుగు పేజీలు రాయాలనుకుంటున్నాను గానీ, తిట్టాల్సిన వాడు ఒకడున్నాడు. వాడి సంగతీ ఇందులోనే వస్తుంది.

తిరువూరు నుంచి గంపలగూడెం వెళ్లే రోడ్డు మీద ఉంది, ఆయన బండ్లు బాగుచేసే రేకుల షెడ్డు. బోర్డు లేదు. మేస్త్రీ షాపు అంటే చాలు. వినగడప పాల క్యాన్ల బండ్లు, రెడ్డిగూడెం మామిడి తోటల కాపలాదార్ల బండ్లు, ఎ.కొండూరు టీచర్ల స్కూటీలు అన్నీ అక్కడ వరసగా నిలబడేవి. మా పరిచయం తగాదాతో మొదలైంది. నేను డిగ్రీ మధ్యలో మానేసి, పాత పుస్తకాల కొట్లో దొరికిన పలచటి పుస్తకాలన్నీ చదివేసి, సొంతంగా కరపత్రాలు రాసి పంచుతున్న రోజులు. ఒకరోజు షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే ఆయన నా కరపత్రంతో చేతుల గ్రీజు తుడుచుకుంటూ కనబడ్డారు. నాకు ఒళ్లు మండింది.

"కష్టపడేవాళ్ల కోసం రాసిన కాగితం అండీ అది! కష్టపడేవాళ్లే ఇలా తుడిచి పారేస్తే ఎలా?" అని అరిచాను. అప్పటికింకా 'అండీ' అనేవాణ్ని.

"మంచి కాగితం బాబూ. గ్రీజు బాగా పీలుస్తోంది" అన్నారు తలెత్తకుండా. "చదివాకే తుడిచాలే. రెండో పేరాలో రైతన్నా మేలుకో అన్నావు. వినగడప రైతు నాలుగింటికే పాలేసుకుని ఈ రోడ్డు మీద పోతాడు. నువ్వెన్నింటికి లేస్తావు?"

నేను ఎనిమిదింటికి లేస్తాను. ఆ సంగతి నా మొహం చూస్తేనే తెలిసిపోయినట్టుంది, బండ్ల కోసం నిలబడ్డవాళ్లంతా పగలబడి నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఒక పీట నా వైపు తోసి, "కూర్చో. మూడో పేరా బాగుంది. అదేంటో చెప్పు" అన్నారు. ఆ రోజు నుంచి ఆ షెడ్డులో నా పేరు 'కరపత్రం'. ఆయన నాకు బాబాయ్. మసీదు వీధిలో వాళ్లిల్లు, చర్చి వెనక మా ఇల్లు. పిన్ని చేతి అన్నం తిన్నాక, ఆ రెండు వీధుల మధ్య ఎంత దూరం ఉందో నేనెప్పుడూ చూసుకోలేదు.

జీవితం మొత్తం మీద ఆయన వెళ్లిన ఊళ్లు విజయవాడ, ఖమ్మం, నూజివీడు, ఒకే ఒక్కసారి బందరు. ఎత్తయిన చోటు ఎక్కింది ఏదైనా ఉందంటే అది నీళ్ల ట్యాంకు. కానీ కొండల గురించి ఆయనకి తెలిసినంత ఎక్కొచ్చిన కుర్రాళ్లకు కూడా తెలీదు. మారేడుమిల్లి అనీ లంబసింగి అనీ తిరిగొచ్చి, బండి లాగట్లేదు మేస్త్రీ అంటూ తెచ్చి పడేసేవాళ్లు. ఆయన కవరు విప్పి, క్లచ్ ప్లేటు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవారు.

"ఏ ఘాట్ ఎక్కావురా?"

"మారేడుమిల్లి. నీకెలా తెలుసు మేస్త్రీ?"

"ప్లేటు మాడిపోయింది. మలుపుల్లో సగం క్లచ్ పట్టుకుని ఎక్కించావు. బ్రేకు షూలు చూడు, అద్దంలా మెరుస్తున్నాయి. దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపేసి జారుకుంటూ వచ్చావు. ఒరే వెధవా, కొండ మీద ఇంజనే నీ బ్రేకు!"

తిట్టాక, పక్కన కూర్చోబెట్టి అడిగేవారు. మలుపు ఎంత ఒంపు ఉంటుంది, రెండు లారీలు ఎదురైతే ఏం చేస్తారు, పైన గాలి పలచగా ఉంటే ఇంజను ఏమంటుంది. వాళ్లకి మంచు గురించీ, బొంగులో చికెన్ గురించీ తప్ప ఏమీ తెలిసేది కాదు. ఒకసారి ఒక బండి మడ్‌గార్డు కింద బురదలో అంటుకుని కాఫీ ఆకు ఒకటి వచ్చింది. కడిగి, ఆరబెట్టి, గోడ మేకుకి గుచ్చారు.

కాళ్లు వాచడం మొదలయ్యాక కూడా ఆయన చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. మా మండలాల్లో కిడ్నీ జబ్బు కొత్త కాదు. దాని మీద నేను మూడు కరపత్రాలు రాశాను, వాటిలో ఒక్కదాంట్లో కూడా ఆ జబ్బున్న మనిషి పొద్దున్నే ఎలా లేస్తాడో రాయలేదు. నాకు తెలిస్తేగా. ఆయన్ని చూశాకే తెలిసింది. రోజుకి తాగాల్సిన నీళ్లకి కొలత ఉంటుంది. పాత టూ స్ట్రోక్ బండ్లలో పెట్రోలుకి ఆయిలు కలపడానికి వాడే చిన్న కొలత గ్లాసు కొత్తది తెచ్చుకుని, టీ అందులో తాగేవారు. "నలభై ఎమ్మెల్ చాలురా. పొగ రాకుండా నడుస్తాను" అనేవారు. ఆ గ్లాసు చూసి నాకు ఏడుపొచ్చేది. ఏడుపొస్తే నేను ఎవరో ఒకరిని తిడతాను. అదొక అలవాటు.

మిషనుకి రక్తం తీయడానికి ఎడమ మణికట్టు పైన రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. అక్కడ వేలు ఆనిస్తే లోపల సన్నగా గుర్రుమంటూ ఉంటుంది. "చెవి పెట్టి చూడరా, ఐడిలింగ్ ఎలా ఉందో" అనేవారు నాతో. ఆ చేత్తో బరువెత్తకూడదు, దేన్నీ బిగించి పట్టుకోకూడదు. బండికి క్లచ్ ఉండేది ఎడమ చేతి కిందే. అంటే ముప్పై ఏళ్లు బండ్లు బాగుచేసిన మనిషి ఇక బండి నడపకూడదు. డాక్టరు ఈ మాట చెప్పిన రోజున ఆయన షెడ్డుకి నడిచే వచ్చారు.

ఒక శుక్రవారం మిషను మీద పడుకుని, "ఒరే కరపత్రం, నన్ను కొండకి తీసుకెళ్తావా?" అన్నారు. ఆ గదిలో ఉన్న ఒక్క కిటికీలోంచి పక్క బిల్డింగు గోడ తప్ప ఏమీ కనబడదు. నేను వెంటనే ఒప్పుకున్నాను. దేశాన్నే మార్చేస్తానని రాసుకున్నవాణ్ని, ఒక మనిషిని కొండెక్కించలేనా అనుకున్నాను.

చలి తగ్గాక, ఎండలు ముదరకముందు, రంజాన్ నెల మొదలయ్యేలోపు వెళ్లి రావాలని పిన్ని షరతు పెట్టింది. "నువ్వు ఉపవాసం ఉండలేకపోయినా, సాయంత్రం నేను విడిచేటప్పుడు ఎదురుగా కూర్చోవాలి" అంది. ఆయన షాపులో వాడే జాబ్ కార్డు తీసి రాయడం మొదలుపెట్టారు. బండి కంప్లైంటు రాసే గడిలో 'యాభై ఎనిమిదేళ్లయింది, కొండ చూడలేదు' అని రాశారు. చేయవలసిన పని గడిలో 'చూపించాలి' అని రాశారు. కింద మా దారి.

మిగతావాళ్లు యాత్ర వేసుకుంటే చూడాల్సిన జాగాలు రాసుకుంటారు. మేము మిషన్లున్న ఊళ్లు రాసుకున్నాం. సోమవారం ఇక్కడే డయాలసిస్. మంగళవారం బయల్దేరి సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా రాజమండ్రి. బుధవారం అక్కడ మిషను. గురువారం రంపచోడవరం, మారేడుమిల్లి, చీకటి పడేలోపు సీలేరు. శుక్రవారం కొండల మధ్య ఒక ఊరి ఆసుపత్రిలో మిషను. శనివారం లంబసింగి, ఆదివారం కిందికి దిగడం, సోమవారం విశాఖపట్నంలో మిషను. బుధవారానికి చోటు అడిగితే దొరికింది. సోమవారానికీ దొరికింది. మధ్యలో ఆ శుక్రవారం ఒక్కటే. అది లేకపోతే రాజమండ్రి నుంచే వెనక్కి తిరగాలి. ఎందుకంటే బుధవారం నుంచి సోమవారం దాకా ఆగితే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. మా యాత్ర మొత్తం ఆ శుక్రవారం మంచం మీద ఆధారపడి ఉంది.

మంచం సంగతి తేలకముందే ఆయన నా పాత బండిని విప్పేశారు. ఎత్తుల్లో లాగేలా వెనక చక్రానికి రెండు పళ్లు ఎక్కువున్న చైను స్ప్రాకెట్ వేశారు. కొత్త ప్లేట్లు, కొత్త బ్రేకు షూలు. ఎడమ చేత్తో పట్టుకోకూడదు కాబట్టి వెనక సీటుకి కుడి వైపున ఒక పిడి, నడుం ఆనుకోవడానికి దూదిబట్ట చుట్టిన ఇనుప కమ్మి.

పిన్ని గుమ్మంలో నిలబడి చూసి, "వెనక కూర్చునేవాడికి ఇన్ని హంగులా? పెళ్లికొడుకువా?" అంది.

"నిన్ను తీసుకెళ్లట్లేదని కుళ్లు" అన్నారు ఆయన.

"నన్నెక్కడికి తీసుకెళ్లావు గనక? మీ చెల్లెలి పెళ్లికి నూజివీడు. అదీ బస్సులో. టికెట్టు కూడా నేనే తీశాను."

ఆయనకి ఇంకో కోరిక ఉంది. పైన చదునుగా ఉన్న చోట ఒక్క ఫర్లాంగు తనే నడపాలి. ఎడమ చెయ్యి సంగతి గుర్తుచేస్తే, "క్లచ్ నువ్వు పట్టు. వెనక కూర్చుని చెయ్యి చాపు. మిగతాది నాది" అన్నారు. ఒక ఆదివారం చర్చి అయ్యాక కాలేజీ గ్రౌండులో సాధన మొదలుపెట్టాం. ముందు ఆయన, వెనక నేను ఆయన భుజం మీద గడ్డం ఆనించి, ఎడమ చెయ్యి చాపి క్లచ్ పట్టుకుని. ఆయన గేరేస్తారు, నేను వదలాలి. ఠక్కున ఆగింది. మళ్లీ ఆగింది. క్రికెట్ ఆడే కుర్రాళ్లు ఆట మానేసి చుట్టూ చేరారు. "ఏం మేస్త్రీ, డ్రైవరు నువ్వా, వాడా?" అని ఒకడు. "ఇంజను నేను, వీడు మందు కొట్టిన క్లీనరు" అని ఈయన. నాకు కోపం వచ్చి లీవరు ఒక్కసారిగా వదిలేశాను. బండి ముందుకు దూకి ఆగిపోయింది.

ఆయన వెనక్కి తిరగలేదు. "క్లచ్ అంటే పట్టుకోవడం కాదురా, వదలడం. పట్టుకోవడం నీకు బాగా వచ్చు. వదలడం మెల్లగా నేర్చుకో. మెల్లగా... ఇంకా... ఇంకా..."

బండి కదిలింది. గ్రౌండు చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరిగాం. నా గడ్డం కింద ఆయన భుజం ఒకటే వణుకుతూ ఉంది. నేను ఇంజను వణుకు అనుకున్నాను. ఆపాక కూడా తగ్గలేదు.

ఇప్పుడు ఆ తిట్టాల్సిన వాడి సంగతి. వాడు నేనే.

కొండల్లోని ఆ ఆసుపత్రికి ఉత్తరం రాయమని ఆయన నాకు చెప్పారు. నేను రాశాను. మూడు పేజీలు. జీవించే హక్కుతో మొదలుపెట్టి, ఏడు రోజుల్లో జవాబు రాకపోతే ఆసుపత్రి ముందు బైఠాయిస్తామని ముగించాను. మధ్యలో 'డిమాండ్ చేస్తున్నాం' అన్న మాట నాలుగు చోట్ల ఉంది. ఆయనకి చదివి వినిపించకుండానే పంపాను. పది రోజులకి అక్కడి ఆఫీసు నుంచి ఎవరో ఫోన్ చేశారు. "బాబూ, మా దగ్గర ఉన్న మిషన్లు మా కొండల వాళ్లకే చాలట్లేదు. మీరు ధర్నా చేస్తామంటే మేమేం చేస్తాం?" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. నేనే మర్యాద తప్పాను. అవి మీ తాత ఇంటి మిషన్లా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. అతను ఫోన్ పెట్టేశాడు. నేను గెలిచినట్టు షెడ్డులోకి చూశాను.

మేస్త్రీ స్పానరు కింద పెట్టారు. చాలాసేపు చేతులు తుడుచుకున్నారు. "నువ్వన్నది నిజమేరా" అన్నారు చివరికి. "మిషన్లు ఎవరి తాత ఇంటివీ కాదు. కానీ ఆ నిజం నన్ను వెనకెక్కించుకుని కొండెక్కదుగా." తర్వాత, "కాగితం తియ్. ఈసారి నేను చెప్తా, నువ్వు రాయి" అన్నారు.

ఆ రోజు శనివారం. ఆయన చెప్పిన ఉత్తరం నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

'అయ్యా, నేను తిరువూరులో బండ్ల మేస్త్రీని. మీ కొండలెక్కి దిగిన బండ్లు ముప్పై ఏళ్లుగా బాగుచేస్తున్నాను. మీ కొండల్ని క్లచ్ ప్లేట్లలో చూశాను గానీ కళ్లతో చూడలేదు. ఏదో ఒక శుక్రవారం నాకు మంచం ఇస్తే వచ్చి చూసి పోతాను. మీ పేషెంట్లకు ఇబ్బంది అయితే వద్దు. ఆ రోజు మీ స్టాఫు బండ్లకి రిపేర్లుంటే చేసి పెడతాను. ముందు ఉత్తరం రాసిన అబ్బాయి మంచివాడు, కోపిష్టి. దయచేసి అది మనసులో పెట్టుకోవద్దు.'

'దయచేసి' దగ్గర నా కలం ఆగింది. నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ ఉంది, దయ కాదు, హక్కు అని. "ఆ మాట రాయను బాబాయ్. దేబిరించడం నా వల్ల కాదు" అన్నాను.

"ఒరే, ఇంటికొచ్చిన మనిషిని దయచేయండి అంటాం. అది దేబిరించడమా? రాయి. ఆ మాట వాడితే నేనేం అరిగిపోను."

రాశాను. కవరులో పెట్టి అంటించాను. పోస్టు చేస్తానని చొక్కా జేబులో పెట్టుకుని బయటికి వచ్చాను. పోస్టాఫీసు దాకా వెళ్లాను. కౌంటరు ముందు నిలబడ్డాను. ఆ రిపేర్లు చేసి పెడతానన్న వాక్యం గుర్తొచ్చింది. చేతికి సూదులు గుచ్చుకుని నాలుగు గంటలు పడుకుని లేచిన మనిషి, ఎవరి బండ్లో బాగుచేసి ఆ మంచానికి బదులు తీర్చుకోవాలా? నా తల వేడెక్కిపోయింది. వెనక్కి వచ్చేశాను. సోమవారం వేద్దామనుకున్నాను. సోమవారం వెయ్యలేదు.

"ఏమన్నా వచ్చిందా?" అని ఆయన రోజూ అడిగారు. "రాలేదు బాబాయ్. వాళ్లు అంతే, నేను చెప్పానుగా" అని నేను రోజూ అన్నాను. చూశారా, నా జేబులోనే ఉన్న ఉత్తరానికి జవాబు రాలేదని నేను లోకాన్ని తిట్టాను. పన్నెండు రోజులు తిట్టాను. పన్నెండో రోజు, గురువారం, ఆయన పాదాలు ఎంత ఉబ్బాయంటే చెప్పు పట్టలేదు. పిన్ని కత్తెరతో చెప్పు పట్టీ కత్తిరిస్తోంది. ఆయన నన్ను చూసి, "ఇంకో సైజు స్ప్రాకెట్ వేయించాలిరా వీటికి" అని నవ్వారు. నేను అక్కడి నుంచి పరుగున పోస్టాఫీసుకి వెళ్లి రిజిస్టరు చేయించాను. నాలుగో రోజు సోమవారం.

లెక్క వేసుకోకుండా ఉండలేకపోతున్నాను. ఆ శనివారమే వేసుంటే వారంలో జవాబు వచ్చేది. ఆయన పోయిన సోమవారానికి ముందు శుక్రవారం మేము కొండ మీద ఉండేవాళ్లం. ఆ సోమవారం ఎలాగూ వచ్చేదేమో. విశాఖపట్నం దారిలో వచ్చేదేమో. కానీ దాని వెనక ఒక శుక్రవారం ఉండేది. శనివారం ఉండేది. ఒక్క ఫర్లాంగు ఉండేది.

ఆ సోమవారం సాయంత్రమే ఖననం. భుజాలు మార్చుకుంటూ మోశాం. పాల క్యాన్ల వాళ్లు వచ్చారు, టీచర్లు వచ్చారు, మిరప కోత మధ్యలో వదిలి మా అమ్మ వచ్చి ఆడవాళ్లతో పిన్ని దగ్గర కూర్చుంది. నేను మట్టి వేసేటప్పుడు నాకు తెలిసిన నినాదాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

బుధవారం మధ్యాహ్నం, రిపేరుకిచ్చిన బండ్లు ఎవరివి వాళ్లకి అప్పగించాలని పిన్ని నాతో షెడ్డు తీయించింది. అప్పుడే ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"తిరువూరు మేస్త్రీ గారి తాలూకా అండీ? నేను కొండల నుంచి, డయాలసిస్ సిస్టర్‌ని మాట్లాడుతున్నా. ఉత్తరం పొద్దున్నే అందిందండీ. మా పేషెంట్లందరికీ చదివి వినిపించాను. ఇక్కడ ఒక పెద్దాయన, తన శుక్రవారం ఇచ్చేస్తానన్నాడు. తను శనివారం వేయించుకుంటాడట. మా కొండలు చూట్టానికి అంత దూరం నుంచి వస్తానంటే మంచం ఇవ్వమా అన్నాడండీ. ఎల్లుండే రాగలరా? మా ఊరి ముందు రోడ్డు రెండుగా చీలుతుంది, కొత్తవాళ్లు తప్పు దారిలో పోతారు. పొద్దున్నే తనే మలుపు దగ్గర నిలబడి దారి చూపిస్తానన్నాడు. మంచు ఉంటుంది, లైటు వేసుకుని నెమ్మదిగా రమ్మనండి."

నేను గోడ మేకుకున్న కాఫీ ఆకు వైపు చూస్తూ ఉండిపోయాను. సిగ్నలు లేదనుకుని ఆవిడ హలో హలో అంది. నేను ఫోన్ పెట్టేశాను.

పిన్ని నా వైపే చూస్తోంది. అక్కడే, ఆ బండ్ల మధ్య, ఉత్తరం సంగతి మొత్తం చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "ఆయనకి తెలుసురా" అంది. "నీ చొక్కా జేబులో కవరు కనబడుతూనే ఉందట. నేనడిగి తీసుకుని పోస్టు చెయ్యనా అన్నా. వద్దు, వాడే వేస్తాడు, కోపం దిగనీ అన్నాడు."

తెలిసీ రోజూ అడిగారు. 'ఏమన్నా వచ్చిందా' అని ఆయన అడిగింది కొండ నుంచి వచ్చే జవాబు గురించి కాదు, నా నుంచి రావాల్సిన జవాబు గురించి. ఈ మాట రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

గురువారం పొద్దున్న సిస్టర్‌కి ఫోన్ చేసి చెప్పాను. "అయ్యో" అంది ఆవిడ. తర్వాత, "ఆ పెద్దాయన నిన్న సాయంత్రమే ఊరికెళ్లిపోయాడండీ. వాళ్ల ఊళ్లో ఫోన్లు పనిచెయ్యవు. ఎవరైనా అటు వెళ్తుంటే కబురు పంపిస్తాను" అంది.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడే చేసింది. కబురు అందలేదట. పెద్దాయన తెల్లవారకముందే దుప్పటి కప్పుకుని వచ్చి మలుపు దగ్గర నిలబడ్డాడట. ఆ మంచులో ఏదీ కనబడదు, చప్పుడు వినాల్సిందే. బండి చప్పుడు వినబడినప్పుడల్లా రోడ్డు మధ్యకి వచ్చి చెయ్యెత్తి, "తిరువూరు మేస్త్రీవి నువ్వేనా?" అని అడిగాడట. మొదటి బండి వాళ్లు కాదని చెప్పి వెళ్లిపోయారు. రెండోది ఆగలేదు. మూడో బండి మీద ఎవరో ఒక్కడే వచ్చాడట. అతనూ కాదనే అన్నాడట గానీ, పెద్దాయన సంగతంతా చెప్పాక ఇంజను ఆపి, బండికి స్టాండు వేసి, దుప్పటిలో సగం కప్పుకుని ఆయన పక్కనే నిలబడ్డాడట. ఎండ వచ్చి మంచు విడిపోయేదాకా ఇద్దరూ కింది మలుపుల వైపే చూస్తూ ఉన్నారట.